నారజడ నుంచి కృత్రిమ చర్మం దాకా: తెలుగు అద్భుత పాత్రల ఆహార్యం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల అనగానే జనపనార మిల్లు, దాపున ఉన్న రామతీర్థం స్ఫురిస్తాయి. గోనెసంచికి ఆధారమైన జనపనారకు రంగస్థలంపై మరొక ఉపయోగం ఉంది. రంగు అద్దితే అది రాక్షసుని జడ అవుతుంది. తెల్లగా దువ్వితే ముని గడ్డం అవుతుంది. నారజడతో మొదలుపెట్టి నేటి చలనచిత్రాలలోని కృత్రిమ చర్మం దాకా జరిగిన ప్రయాణాన్ని కేవల సాంకేతిక ప్రగతిగా వర్ణించడం పరిపాటి. అయితే ఉత్తరాంధ్ర ప్రదర్శన సంప్రదాయం వైపు నుంచి పరిశీలిస్తే, ఆ చరిత్రకు కేంద్రం పదార్థం కాదని తెలుస్తుంది. నటుని ముఖాన్ని ఎంత కప్పాలి, ఎంత మిగల్చాలి అన్నదే అందులోని మూలప్రశ్న.

భరతుడు ఆహార్యాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించాడు. కొండలు, వాహనాలు, ఆయుధాలు మొదలైన కృత్రిమ నిర్మాణాలు పుస్తం. దేహానికి రంగులు పూయడం అంగరచన. ప్రాణులను రంగంపైకి తేవడం సంజీవం. తలకు ధరించే ప్రతిశీర్షాల కోసం గుడ్డపై మారేడు గుజ్జు పూసి ఆరబెట్టే పద్ధతిని కూడా నాట్యశాస్త్రం వివరించింది. మెత్తని పదార్థాన్ని పొరగా మలచి నటుని రూపాన్ని మార్చడమనే మేరకు, నేటి ప్రోస్థెటిక్ శిల్పానికి ఇది దూరపు బంధువే.

కప్పడానికీ మిగల్చడానికీ మధ్య ఉన్న హద్దును ప్రహ్లాద నాటకం స్పష్టంగా చూపుతుంది. దక్షిణ గంజాం ప్రాంతంలో ప్రసిద్ధమైన ఒడియా ప్రహ్లాద నాటకం 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో జలంత్రకోట పాలకుడు రామకృష్ణ ఛోటరాయ పేరిట వెలసింది. ఆ జలంత్రకోట నేటి శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఇందులో హిరణ్యకశిపునిది రంగు పూసిన ముఖం, నృసింహునిది ముఖతొడుగు. వాదం, గానం, ఆగ్రహం హిరణ్యకశిపునివి. నృసింహునికి గర్జనే ప్రధానం. మాట ఉన్న పాత్రకు ముఖాన్ని మిగిల్చి, మాటకు అతీతమైన పాత్రకు ముఖాన్ని కప్పడం ఇక్కడి సూత్రం. తమిళనాడులోని మెలట్టూరులో తెలుగులో ప్రదర్శించే ప్రహ్లాద నాటకంలోనూ నృసింహుని ముఖతొడుగు పూజలందుకుంటుంది. ఆ సంప్రదాయాలలో అది అలంకార సామగ్రి కాదు, దైవ సాన్నిధ్యం.

తెలుగు టాకీ కూడా ఈ కథతోనే ఆరంభం కావడం గమనార్హం. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన ‘భక్తప్రహ్లాద’ ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా రూపొందింది. దూరాన కూర్చున్న ప్రేక్షకుని కోసం దట్టంగా వేసిన రంగస్థల వేషం సమీప దృశ్యంలో నిలవదు. పైగా నలుపు తెలుపు ఫిల్ముపై ఏ వర్ణమైనా బూడిద ఛాయగానే నమోదవుతుంది కనుక, వన్నెకంటె ఛాయల తారతమ్యమే మేకప్ కళాకారునికి ముఖ్యమైంది.

కె.వి.రెడ్డి చిత్రాలలో ఈ మార్పు పరిణతి పొందింది. ‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికునిగా, ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచునిగా ఎస్.వి.రంగారావు ధరించిన వేషాలు గడ్డం, మీసం, కిరీటం, ఆభరణాల మీద ఆధారపడ్డాయి. కళ్ళనూ పెదవులనూ మాత్రం స్వేచ్ఛగా వదిలాయి. ఘటోత్కచుడు మాయా శశిరేఖ అయినప్పుడు ఆ సూత్రం పరాకాష్ఠకు చేరింది. సావిత్రి ముఖంపై రాక్షస చిహ్నమేదీ ఉండదు. నడకలోని దర్పం, చూపులోని చిలిపితనం రాక్షసుణ్ణి చూపిస్తాయి. అక్కడ ఆంగికమే ఆహార్యం పని చేసింది.

పాశ్చాత్య చిత్రాలలో రబ్బరు తొడుగుల కళ ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939) నాటికే గుర్తింపు పొందింది. నటుని ముఖానికి అచ్చు తీసి, ప్లాస్టర్ ప్రతిరూపం పోసి, దానిపై మట్టితో కొత్త రూపాన్ని మలచి, ఆ రూపానికి మళ్ళీ అచ్చు తీసి నురుగు రబ్బరు లేదా సిలికాన్ నింపడం ఇందులోని క్రమం. అంచులు ఎంత పలుచనైతే అతుకు అంతగా కనిపించదు. ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ (1968) కోసం జాన్ చేంబర్స్ రూపొందించిన వానర ముఖాల కింద నటులు తమ కండరాలను ఎడతెగక కదపవలసి వచ్చింది. లేకపోతే ముఖం నిర్జీవమయ్యేది. మైకేల్ వెస్ట్‌మోర్ తోడ్పాటుతో కమల్ హాసన్ పది పాత్రలు ధరించిన ‘దశావతారం’ (2008) తెలుగు ప్రేక్షకులకు ఈ విద్యను విస్తృతంగా పరిచయం చేసింది. పదార్థం మారినా ప్రశ్న మారలేదు.

‘బాహుబలి’ (2015)లోని కాలకేయులు ఆ ప్రశ్నను మరొక దిశకు తిప్పారు. నల్లని దేహాలు, వికృతమైన పళ్ళు, చిక్కుపడిన జడలు వారి చిహ్నాలు. వారి నోట మదన్ కార్కి కల్పించిన కిలికి భాష వినిపిస్తుంది. అంటే ముఖం మిగిలినా, ప్రేక్షకునికి అర్థమయ్యే మాట మిగలలేదు. భీకరత్వం రంగు మీదనూ అపరిచితత్వం మీదనూ మోపబడింది. ఇక్కడ అంగరచన చరిత్ర ఒక చేదు విషయాన్ని జ్ఞప్తికి తెస్తుంది. నాట్యశాస్త్రం నలుపు ఛాయను విధించిన జనుల వరుసలో కిరాతులు, పులిందులతోపాటు ఆంధ్రులు కూడా ఉన్నారు. ఒకప్పుడు అడవి జనుల సరసన తానూ నిలిచిన జాతి, నేడు అదే రంగును పరాయివానికి పూస్తోంది. సవరలు, జాతాపులు నివసించే ఉత్తరాంధ్రలో ఈ విషయాన్ని కేవలం సౌందర్య చర్చగా వదలడం తగదు.

నృసింహుని ముఖతొడుగు తరాల తరబడి పూజలో నిలిచింది. చిత్రీకరణ కోసం అతికించిన నురుగు రబ్బరు సాయంత్రం ఊడదీయగానే చిరిగిపోతుంది. మరునాడు మరొకటి అతికించాలి. అచ్చులు, చిత్తుబొమ్మలు, కళాకారుల అనుభవాలు భద్రపరచకపోతే తెలుగు ఆహార్య చరిత్రలో ఈ అధ్యాయానికి తెరమీది బొమ్మ తప్ప ఆధారం మిగలదు. ఆ బొమ్మ వేషం ఎలా కనిపించిందో చెబుతుంది. దాని కింద నటునికి ఎంత ముఖం మిగిలిందో, ఎవరి రూపాన్ని రాక్షసత్వంగా ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో చెప్పదు. పరిశోధన చేరవలసింది అక్కడికే.