అదను తప్పని వైద్యం: స్వరతంత్రుల క్యాన్సర్ చికిత్స కథ

మన అనంతపురం మెట్టరైతుకు అదను విలువ ఒకరు చెప్పనక్కరలేదు. పదును చిక్కినప్పుడు వేరుశనగ విత్తకపోతే ఆ ఏడు చేను బీడే. స్వరతంత్రుల క్యాన్సర్ వైద్యానికీ అటువంటి అదను ఒకటున్నది. గొంతు బొంగురుపోవడమే దాని తొలి హెచ్చరిక. ఆ దశలో రోగి ముందు నేడు రెండు దారులున్నాయి. అవి ఎలా ఏర్పడ్డాయో తెలిస్తే ఎంచుకోవడం సులువవుతుంది.

1854లో మాన్యువల్ గార్సియా అనే సంగీత గురువు పళ్ల వైద్యుడు వాడే చిన్న అద్దంతో, సూర్యకాంతి సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఆ అద్దం త్వరలోనే వైద్యుల చేతికి వచ్చింది. 1873లో వియన్నాలో బిల్రోత్ క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. అయితే ఆ శస్త్రచికిత్సలో సహజమైన గొంతు పోతుంది. పైగా ఆనాడు ప్రాణాపాయమూ ఎక్కువే.

ఆ భయం ఎంతటిదో జర్మనీ చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ కథ చెబుతుంది. 1887లో, యువరాజుగా ఉండగానే, ఆయన గొంతు బొంగురుపోయింది. జర్మన్ వైద్యులు శస్త్రచికిత్స చేయాలన్నారు. లండన్ నుంచి వచ్చిన మోరెల్ మెకంజీ ముందు ముక్క తీసి పరీక్షిద్దామన్నాడు. వీర్కో పరీక్షలో క్యాన్సర్ కనబడలేదు. శస్త్రచికిత్స ఆగింది, జబ్బు మాత్రం ఆగలేదు. సింహాసనమెక్కిన 99 రోజులకే, 1888 జూన్ 15న, ఆయన మరణించాడు. బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా బొంగురు తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలన్నది మనకు అందులోని పాఠం.

1895లో ఎక్స్‌రే, 1898లో రేడియం వెలుగుచూశాయి. 1920లలో ప్యారిస్‌లో కుతార్ కిరణాలను ఒకేసారి కాక, రోజుకు కొంత చొప్పున వారాల తరబడి ఇచ్చి గొంతు క్యాన్సర్లను నయం చేశాడు. నేటి రేడియేషన్ పద్ధతికి అదే పునాది. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1934లో, మద్రాసులో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలసింది. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడయారులో క్యాన్సర్ సంస్థను నెలకొల్పారు. తరువాత హైదరాబాదులో ఎం.ఎన్.జె., బెంగళూరులో కిద్వాయ్ ఆసుపత్రులు వచ్చాయి. 1972లో బోస్టన్ వైద్యులు స్ట్రాంగ్, జాకో నోటి ద్వారానే లేజర్‌తో స్వరతంత్రులకు శస్త్రచికిత్స చేయడాన్ని వివరించారు. బయట కోత లేకుండా పుండును తొలగించే మార్గం ఏర్పడింది.

ఇక బేరీజు వేద్దాం. తొలిదశలో రెండు చికిత్సలతోనూ నూటికి సుమారు తొంభై మందికి జబ్బు అదుపవుతుంది. లేజర్ ఒకటి రెండు రోజుల పని. అవసరమైతే మళ్లీ చేయవచ్చు, రేడియేషన్ అవకాశమూ చేతిలో మిగిలే ఉంటుంది. కానీ లోతుగా కోయవలసి వస్తే గొంతు కొంత గాలిపోయినట్లు వినిపించవచ్చు. రెండు తంత్రులు కలిసే ముందుభాగానికి పుండు పాకితే లేజర్ కష్టం. రేడియేషన్‌లో గొంతు మెరుగ్గా మిగిలే అవకాశం ఎక్కువ. అయితే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదున్నర నుంచి ఆరున్నర వారాలు తప్పకుండా వెళ్లాలి. ఒకసారి ఇచ్చిన చోట మళ్లీ ఇవ్వడం సాధారణంగా కుదరదు.

నా ఉద్యోగకాలంలో ఒక రైతు నగరంలో రేడియేషన్ మొదలుపెట్టి, మూడో వారంలో ఊళ్లో వాన పడిందని విత్తడానికి వచ్చేశాడు. నెల దాటాక తిరిగి వెళ్లాడు. మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. చివరికి స్వరపేటిక తీసివేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆ తప్పు అతనిదని నేననను. ఆరు వారాలు ఎక్కడ ఉంటావు, సేద్యం ఎవరు చూస్తారు అని ముందుగా అడగని మా వైద్యులది కూడా.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. చికిత్స ఖర్చు భారం దానితో తగ్గింది. కానీ చేనును వదిలి ఉండవలసిన రోజుల లెక్క ఎవరికి వారే వేసుకోవాలి.

కాబట్టి పాఠక మహాశయులారా, గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే, ముఖ్యంగా బీడీ, సిగరెట్టు అలవాటున్నవారు, చెవి ముక్కు గొంతు వైద్యుని కలవండి. చికిత్స ఎంచుకునే ముందు శస్త్రవైద్యుని, రేడియేషన్ వైద్యుని ఇద్దరినీ సంప్రదించండి. పుండు ఎంతవరకు పాకింది, గొంతు ఎలా మిగులుతుంది, జబ్బు తిరగబెడితే దారేమిటి అని అడగండి. మీ ఇంటి పరిస్థితిని కూడా దాచకుండా చెప్పండి. ఏ దారి పట్టినా బీడీ మానాలి, చికిత్స పూర్తి చేయాలి, ఏళ్ల తరబడి పరీక్షలకు వెళ్లాలి. అదను మీ చేతిలోనే ఉంది.