పసుప్పచ్చ డబ్బా చెప్పే రెండు అబద్ధాలు

ప్రచ్ఛన్నయుద్ధ జమానాలో అమెరికా హుకూమత్ తన అవామ్ కోసం ఒక ఇంతెజామ్ చేసింది. అణుబాంబు పడితే గాలిలో, మట్టిలో ఎంత ఖతరా ఉందో కొలవడానికి పసుప్పచ్చ రంగు డబ్బాలు లక్షల్లో తయారు చేయించి ఊరూరా గోదాముల్లో పెట్టింది. అందులో ఒకటి సీడీ వీ-700 గైగర్ కౌంటర్. దాన్ని తయారుచేసిన కంపెనీల్లో పిల్లల బొమ్మ రైళ్లకు మషూర్ అయిన లయొనెల్ కూడా ఉంది!

దీని అసలు ఇల్మ్ జర్మనీది. 1928లో హాన్స్ గైగర్, ఆయన షాగిర్ద్ వాల్టర్ ముల్లర్ కలిసి ఈ ట్యూబుకు రూపమిచ్చారు. గొట్టంలో పల్చటి గ్యాసు, నడుమ ఒక తీగ, దాని మీద వందల వోల్టులు. ఒక్క రేణువు లోపలికొస్తే చాలు, 'టిక్' మంటుంది.

ఆ జంగ్ జరగనేలేదు. 1990లలో గోదాములు ఖాళీ చేస్తే డబ్బాలు కబాడీ ధరకు బజారుకొచ్చాయి. ఎలక్ట్రానిక్స్ శౌఖ్ ఉన్నవాళ్లు కొనుక్కుని మరమ్మత్తుకు కూర్చున్నారు. కారిపోయిన బ్యాటరీల తుప్పు గీకడం, ఎండిన కెపాసిటర్లు మార్చడం పెద్ద ముష్కిల్ కాదు. ట్యూబుకు అందే సుమారు 900 వోల్టులు కొలవడమే కష్టం. మామూలు మల్టీమీటరు పెడితే దాని బరువుకే వోల్టేజీ కూలిపోతుంది. అందుకని మీటరుకు ముందు వంద కోట్ల ఓముల రెసిస్టరు తగిలిస్తారు. కోటి ఓముల మీటరులో అప్పుడు 8.9 కనిపిస్తే, అసలు హిసాబు 900 అన్నమాట.

ఇంతవరకు హునర్. ఇక దయానత్ సంగతి.

డబ్బా పక్కన పరీక్ష కోసం ఒక చిన్న రేడియోధార్మిక చుక్క అంటించి ఉంటుంది. పాత మోడళ్లు కొన్నింటిలో అది సీసం-210. దాని సగం ఆయుష్షు 22 ఏళ్లు. అరవై ఏళ్లు దాటేసరికి ఎనిమిదో వంతే మిగులుతుంది. ఈ సంగతి తెలియనివాడు ముల్లు పైకి లేవట్లేదని, డబ్బాలో ఐబ్ ఉందని అనుకుని లోపలి స్క్రూ తిప్పేస్తాడు. ఆ రోజు నుంచి డబ్బా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇది మొదటి అబద్ధం. బేకార్ భయం పుట్టిస్తుంది.

రెండోది ఇంకా ఖతర్నాక్. రేడియేషన్ మితిమీరితే కొన్ని డబ్బాల్లో ట్యూబు ఉక్కిరిబిక్కిరై ముల్లు మళ్లీ సున్నా వైపు జారుతుంది. జాన్ పోయే చోట బేఫికర్‌గా ఉండమంటుంది! అందుకే లయొనెల్ ఒక మోడల్లో దీన్ని ఆపే సర్క్యూట్ పెట్టింది. ఉస్తాదులు మిగతా డబ్బాలకూ అలాంటి మార్పు చేస్తారు.

కొందరు పాత ట్యూబు తీసి, అభ్రకపు పొర ఉన్న వెడల్పాటి కొత్త ట్యూబు పెడతారు. పాతది పట్టుకోలేని ఆల్ఫా రేణువులనూ ఇది పడుతుంది. మంచిదే. కానీ స్కేలు మీద రాసిన మిల్లీరాంట్‌జెన్ అంకెలు పాత ట్యూబు కోసం రాసినవి. కొత్త ట్యూబుతో అవి చెల్లవు. నిమిషానికి ఎన్ని టిక్కులన్నదే లెక్క. అందుకే ఈమాన్‌దార్ మరమ్మత్తుదారు డబ్బా మీద ఆ మాట రాసి అంటిస్తాడు.

ఈ తారీఖ్‌లో మనకూ కాస్త వాటా ఉంది. రేడియేషన్ కొలిచే పరికరాలు మన దగ్గరే తయారు కావాలని పాటుపడ్డ డాక్టర్ ఏ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్‌కు పునాది వేసింది ఆయనే. ఏ.ఎస్. రావు నగర్ బస్సెక్కే మనలో ఎందరికి ఆ పేరు ఎవరిదో యాద్ ఉంది?

పాత డబ్బాను మళ్లీ టిక్కుమనిపించడం సగం పనే. అది ఎప్పుడు సచ్ చెబుతుందో, ఎప్పుడు ఝూట్ చెబుతుందో తెలుసుకోవడం మిగతా సగం. దాని ముల్లును చూసి రేపు ఇంకెవరో యకీన్ చేయొచ్చు కదా!