వెబ్లీ రివాల్వర్లు: గుర్తింపు, విలువ

వెబ్లీ బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైన రివాల్వర్. 1887లో బ్రిటిష్ సైన్యం దీన్ని అధికారికంగా స్వీకరించింది. చేతిలోకి తీసుకోగానే దీన్ని పట్టించేది మడత. హ్యామర్ దగ్గర ఎడమ పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కి వంచితే గొట్టం, సిలిండర్ కలిసి ముందుకు వాలతాయి. సిలిండర్ నడుమ నుంచి నక్షత్రం ఆకారపు పలక లేచి, ఆరు ఖాళీ తూటా తొడుగులనూ ఒక్కసారే బయటికి నెడుతుంది. అదే కాలపు అమెరికన్ కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో పక్కనున్న చిన్న తలుపు తెరిచి, కడ్డీతో ఒక్కొక్కటే తోయాలి.

సైన్యం కోసం చేసిన .455 రివాల్వర్లు మార్క్ 1 నుంచి మార్క్ 6 దాకా ఆరు రకాలు. మొదటి ఐదింటికీ గొట్టం మామూలుగా 4 అంగుళాలు, పిడి కొస పక్షి ముక్కులా వంగి ఉంటుంది. 1915లో వచ్చిన మార్క్ 6కు గొట్టం 6 అంగుళాలు, పిడి అడుగు నలుచదరం. ఈ రెండూ తెలిస్తే ఫొటో చూసి కూడా పోల్చుకోవచ్చు. 1913 నాటి మార్క్ 5 సిలిండర్ కాస్త లావు. పొగలేని కార్డైట్ మందు ఒత్తిడికి తట్టుకోవాలని అలా చేశారు.

పోలికలతో పొరబడే అవకాశమూ ఉంది. 1932 నాటి ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 ఇలాగే మడుచుకుంటుంది కానీ అది .38, పక్కన విప్పదీసే పలక ఉంటుంది. సిలిండర్ మీద వంకరటింకర గాళ్లు కనిపిస్తే అది వెబ్లీ-ఫాస్‌బెరీ. పేల్చినప్పటి ఎదురుదెబ్బతోనే సిలిండర్ తిరిగే అరుదైన రకం. మన దేశంలో కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్ కూడా వెబ్లీ వంశానిదే.

విలువ కట్టేటప్పుడు ముద్రలొక్కటే చూసి నమ్మకూడదు. బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తి అని మాత్రమే చెబుతుంది. సైనిక కర్మాగారాల్లో మరమ్మతుకు వచ్చిన పాతవాటికి భాగాలు మార్చేవారు. మార్క్ 1 పక్కన నక్షత్రం ఉంటే సిలిండర్ వెనకనున్న గోడకు గట్టి ఉక్కు పలక తొడిగారని అర్థం. అందుకే ఫ్రేము మీద, సిలిండర్ మీద ఉన్న నంబర్లు కలుస్తున్నాయా అన్నది ముందు చూడాలి. పాత నీలిరంగు పూత అరిగిపోయినా సరే, కొత్తగా మెరుగుపెట్టిన దానికంటే సేకరణకర్తలు దానికే ఎక్కువ ఇస్తారు. మెరుగులో అంచులూ అక్షరాలూ అరిగిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం కోసిన సిలిండర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేరిన ఎన్నో వెబ్లీలకు, సులువుగా దొరికే .45 ఏసీపీ తూటాలు పట్టేలా సిలిండర్ వెనక అంచును కోసేశారు. మామూలు .45 ఏసీపీ తూటా ఒత్తిడి ఈ రివాల్వర్‌కు తగినదానికంటే ఎక్కువ. పైగా అలా కోసిన సిలిండర్‌లో అసలు .455 తూటా సరిగ్గా కుదురుకోదు.