ముందు నెత్తురు, తర్వాత హెల్మెట్

1962 మార్చి. బార్బడోస్ దీవిలోని బ్రిడ్జ్‌టౌన్, కెన్సింగ్టన్ ఓవల్ మైదానం. స్థానిక జట్టుతో మ్యాచ్‌లో భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ ఓపెనర్‌గా దిగాడు. చార్లీ గ్రిఫిత్ పరుగెత్తుకొస్తుండగా పెవిలియన్‌లో ఎవరో కిటికీ తెరిచారు. కాంట్రాక్టర్ చూపు క్షణంపాటు అటు మళ్లింది. బంతి వచ్చి కుడిచెవి వెనక తగిలింది.

పుర్రె చిట్లింది. ఆపరేషన్లు చేసి ప్రాణం నిలబెట్టారు. రక్తమిచ్చినవాళ్లలో చందూ బోర్డే, నాడకర్ణి, ఉమ్రిగర్‌లతోపాటు ప్రత్యర్థి వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నాడు. తర్వాత వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో తలలో లోహపు పలక అమర్చారు. దాన్ని తీసింది 2022లో, 60 ఏళ్ల తర్వాత. 28 ఏళ్లకే కాంట్రాక్టర్ టెస్టు జీవితం ముగిసిపోయింది. 21 ఏళ్ల పటౌడీ చేతికి పగ్గాలు వచ్చాయి.

ఆ వెస్టిండీస్ పర్యటనలో హైదరాబాదు ఓపెనర్ ఎం.ఎల్. జయసింహ ఉన్నాడు. మేనేజర్ గులాం అహ్మద్ కూడా హైదరాబాదువాడే. సిరీస్ 5-0తో పోయింది. ఇంటికొచ్చాక క్రికెట్ బోర్డు ఆలోచించిన విరుగుడు ఇవాళ వింటే ఆశ్చర్యమేస్తుంది. వెస్టిండీస్ నుంచే నలుగురు ఫాస్ట్ బౌలర్లను పిలిపించి 1962-63 సీజన్‌లో మన దేశవాళీ జట్లలో ఆడించింది. లెస్టర్ కింగ్ బెంగాల్‌కు, చెస్టర్ వాట్సన్ ఢిల్లీకి, చార్లీ స్టేయర్స్ బొంబాయికి వెళ్లారు. రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాదుకు వచ్చాడు. 1958-59 భారత పర్యటనలో బ్యాటర్ల తలలకు గురిపెట్టి బీమర్లు వేస్తున్నాడని సొంత కెప్టెన్ జెరీ అలెగ్జాండరే మధ్యలో ఇంటికి పంపించేసింది ఈ గిల్‌క్రిస్ట్‌నే. వేగానికి కళ్లు అలవాటు పడితే దెబ్బ తప్పించుకోవచ్చన్నది బోర్డు లెక్క. అందులో నిజముంది. సాధన లేనివాడికే గాయాలు ఎక్కువ. కానీ తలకు ఏదైనా అడ్డు పెట్టుకోవాలన్న మాట మాత్రం అప్పుడు బలంగా వినిపించలేదు.

ఎందుకంటే అడ్డు పెట్టుకోవడమంటే అప్పట్లో పిరికితనం కింద లెక్క. క్రికెట్ సామగ్రి చరిత్ర పొడవునా ఇదే వరస: మొదట దెబ్బ, ఆపైన నవ్వులు, ఎప్పటికో అలవాటు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ రాబిన్సన్ అనే ఆటగాడు కాళ్లకు పల్చని చెక్కలు కట్టుకుని దిగాడు. బంతి తగిలినప్పుడల్లా టకటకమని చప్పుడొచ్చి జనం నవ్వడంతో ఆ ప్యాడ్లు మూలపడ్డాయి. 19వ శతాబ్దంలో నికలస్ ఫెలిక్స్ రబ్బరు గొట్టాలతో గ్లవ్స్ చేశాడు. 1933లో లార్డ్స్‌లో పాట్సీ హెండ్రెన్ వెస్టిండీస్ బౌలర్లకు ఎదురుగా మూడు అంచుల మెత్తటి టోపీ పెట్టుకొచ్చాడు. దాన్ని కుట్టింది ఆయన భార్య. కాళ్లకూ వేళ్లకూ రక్షణ క్రమంగా మామూలైపోయింది గానీ, హెండ్రెన్ టోపీని ఎవరూ అందుకోలేదు.

అసలు మలుపు ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ పెట్టిన వరల్డ్ సిరీస్‌లో వచ్చింది. 1977 డిసెంబరులో ఆండీ రాబర్ట్స్ బౌన్సర్ డేవిడ్ హుక్స్ దవడ విరగ్గొట్టింది. అదే పోటీల్లో డెనిస్ ఎమిస్ మోటార్ సైకిల్ హెల్మెట్ తరహాలో చేయించుకున్నదాన్ని పెట్టుకుని ఆడాడు. బరువు, ఉక్కపోత, సరిగా వినపడకపోవడం వంటి ఇబ్బందులున్నా తల మిగిలింది. 1978 మార్చిలో గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో హెల్మెట్ పెట్టిన మొదటి ఆటగాడయ్యాడు. ఆ టెస్టు జరిగింది కాంట్రాక్టర్ కుప్పకూలిన కెన్సింగ్టన్ ఓవల్‌లోనే, పదహారేళ్ల తర్వాత. గ్యాలరీలు ఎగతాళి చేశాయి. యాలప్ తీయలేదు. బ్యాటింగ్ రికార్డుల్లో అతని పేరు అంతగా కనిపించదు గానీ, తన తర్వాత ఎన్ని తలలు కాపాడాడో చూస్తే అతనికి దక్కిన గౌరవం చాలా తక్కువ.

హెల్మెట్ వచ్చాక కూడా దాన్ని పెట్టుకోవాలి కదా. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఓ క్లబ్ మ్యాచ్. భారత మాజీ టెస్టు ఆటగాడు రమణ్ లాంబా బ్యాటర్‌కు బాగా దగ్గరగా, ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. హెల్మెట్ తెప్పిస్తామంటే, ఓవర్‌లో మిగిలింది మూడు బంతులే కదా అని వద్దన్నాడు. బ్యాటర్ కొట్టిన బంతి తలకు తగిలింది. మూడు రోజులకు చనిపోయాడు. వయసు 38.

2014 నవంబరు 25న సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్‌ది మరో రకం విషాదం. అతను హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. బంతి దాని అంచుకు దిగువన మెడకు తగిలి మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిట్లింది. రెండు రోజులకు, 26వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, ప్రాణం పోయింది. అప్పటినుంచే హెల్మెట్ వెనక మెడ కప్పులు రావడం మొదలైంది. వాటిని ఆస్ట్రేలియా తప్పనిసరి చేసింది మాత్రం 2023లో.

హ్యూస్ మరణం ఇంకో ప్రశ్నను ముందుకు తెచ్చింది: దెబ్బ తగిలినవాడు ఆడాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి? తలకు దెబ్బ తగిలితే లక్షణాలు గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. కుదుపు తిన్న మెదడుకు వెంటనే రెండో దెబ్బ తగిలితే మరీ ప్రమాదం. 2019 ఆగస్టులో ఐసీసీ, తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకర్ని దించే కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన తెచ్చింది. అదే నెల లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. డాక్టర్ పరీక్షలో నెగ్గి స్మిత్ మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చాడు. మర్నాడు తలనొప్పి, మత్తు. అతని బదులు దిగిన మార్నస్ లబుషేన్ కూడా రెండో బంతికే ఆర్చర్ చేతిలో హెల్మెట్ మీద దెబ్బ తిని, లేచి 59 పరుగులు చేశాడు.

తల సంగతి డాక్టర్ చేతికి వెళ్లింది. మిగతా ఒంటి సంగతి చాలాకాలం ఆటగాడి పంతానికే మిగిలింది. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఆవేశ్ ఖాన్ బంతికి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాటర్ అయిన విహారి రెండు ఇన్నింగ్స్‌లోనూ చివరి వికెట్‌కు దిగి ఎడమచేతి వాటంగా నిలబడి ఆడాడు. ఆ ఆట చూసి తెలుగునాట ఛాతీ ఉప్పొంగనివారు లేరు. ఆ తెగువకు జోహార్లు చెప్పాల్సిందే. అయితే అంత తెగించాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నదీ అడగాల్సిందే: అతని బదులు బ్యాట్ పట్టే మనిషిని దించడానికి అప్పట్లో నిబంధన లేదు. 2025లో బీసీసీఐ దేశవాళీ మల్టీ-డే మ్యాచ్‌లలో ఆట మధ్యలో తీవ్రంగా గాయపడ్డవారి స్థానంలో అదే తరహా ఆటగాణ్ణి దించడానికి అనుమతి ఇచ్చింది.