ధనుష్కోటి ఓడ

భారతదేశమునకును సింహళమునకును నడుమ రెండు దీవులు ఒకదానివైపు ఒకటి సాగియున్నవి: ఇటు రామేశ్వరమున్న పాంబన్ దీవి, అటు మన్నారు దీవి. వాని మధ్యనున్న ఇసుకతిన్నెల వరుసను మనవారు రామసేతువనిరి. ఐరోపావారి పటములలో అది ఆదము వంతెన. అచట నీరు లోతు లేదు. పెద్ద ఓడలు సింహళమును చుట్టి పోవలసినదే. చిన్న దోనెలకు మాత్రము ఈ త్రోవ ఏనాటినుండియో తెలియును.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ త్రోవను పట్టినవారిలో కాఫీతోటల కూలీలు వేలకొలది యుండిరి. తమిళదేశపు కరవు పల్లెలు విడిచి, దోనెలలో మన్నారు తీరమున దిగి, అడవిదారిని కొండసీమకు కాలినడకను పోయెడివారు. కలరా సోకి దారిలోనే రాలిపోయినవా రెందరో! ఈ జలమార్గపు చరిత్రను వంతెనల కొలతలతో ఆరంభించుట పరిపాటి. ఈ నడకతో ఆరంభించుటయే న్యాయమని నాకు తోచును.

1914 ఫిబ్రవరిలో పాంబన్ రైలువంతెన సిద్ధమయ్యెను. ఆ యేడే ధనుష్కోటికిని తలైమన్నారుకును మధ్య పొగయోడలు తిరుగసాగెను. దూరము సుమారు 22 మైళ్లు. మద్రాసులో కొన్న ఒకే టిక్కెట్టుతో ప్రయాణికుడు ధనుష్కోటిదాక రైలులో వచ్చి, రేవున ఓడకు మారి, ఆవలియొడ్డున మరల రైలెక్కి కొలంబో చేరెడివాడు. సేతువుపై వంతెన కట్టవలెనన్న ఆలోచనయు లేకపోలేదు. కాని ఇటు మీటరుగేజి, అటు బ్రాడ్‌గేజి. వంతెన వచ్చినను బండి మారక తప్పెడిది కాదు. జనులు ఈ రైలుకు బోట్ మెయిల్ అని పేరు పెట్టిరి. ఓడ పోయినను రామేశ్వరపు రైలుకు ఆ పేరు పోలేదు.

సెలవులలో అనురాధపురమును, కాండీని చూడబోవు ఉద్యోగులకును, రామేశ్వరయాత్రకు వచ్చు సింహళపు హిందువులకును ఆ కొద్ది గంటల ప్రయాణము ఒక వినోదము. తేయాకుతోటల కూలీలు సముద్రము దాటుటకు ముందు మండపం శిబిరమున నిలువవలెను. వైద్యపరీక్షలు ముగిసినగాని వారికి ప్రయాణము లేదు. నీరు ఒకటే, దానిని దాటు విధములు రెండు.

1948లో సింహళము స్వతంత్రమైన పిమ్మట వచ్చిన పౌరసత్వచట్టము ఆ కూలీలలో అత్యధికులను ఏ దేశమునకును చెందనివారినిగా చేసెను. 1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావో బండారనాయకలు ఒప్పందము చేసికొనిరి: 9,75,000 మందిలో 5,25,000 మంది భారతదేశమునకు, 3,00,000 మంది సింహళమునకు. తక్కిన లక్షన్నర సంగతి తరువాత చూతమనిరి. 1974లో వారినిగూడ చెరిసగము పంచుకొనిరి. మనుష్యులను ఇట్లు అంకెలుగా భాగించిన ఒప్పందములు అరుదు.

ఆ సంతకములకు రెండు నెలలైనను నిండలేదు. డిసెంబరు 22 రాత్రి తుఫానులో ధనుష్కోటి నాశనమయ్యెను. పాంబన్ నుండి వచ్చుచున్న రైలు ప్రయాణికులతో సహా కొట్టుకొనిపోయెను. తరువాత ఓడరేవు రామేశ్వరమునకు మారెను. ‘రామానుజం’ అను ఓడపై ఆ కుటుంబములు వచ్చి దిగసాగెను. ప్రభుత్వపు కాగితములలో వారు స్వదేశమునకు తిరిగివచ్చినవారు. వారిలో అనేకులు సింహళముననే పుట్టినవారు. చూడని ఊరికి తిరిగివచ్చుట యెట్లో ఆ కాగితములు చెప్పవు.

సింహళపు అంతర్యుద్ధము ముదిరిన 1984 ప్రాంతమున ఈ ఓడయు నిలిచిపోయెను. 2023 అక్టోబరులో నాగపట్టణమునుండి కాంకేశన్తురైకి వేరొక ఓడ బయలుదేరెను గాని, అది ఈ రెండు దీవుల త్రోవ కాదు. ధనుష్కోటిలో పాడుపడిన చర్చి గోడలు నిలిచియున్నవి. సెలవులకు వచ్చినవారు వాని యెదుట నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుందురు.