పొదుపు పుస్తకం నుంచి ఆన్‌లైన్ రిటర్ను దాకా

2000లో వెలుగు పథకం మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మొదలైనప్పుడు, తిరుమల కొండ కింది పల్లెల్లో మనకు లెక్కలంటే పొదుపు పుస్తకం, తీర్మానాల పుస్తకం, అంతే. 1995 మాక్స్ చట్టం కింద సమాఖ్యలు రిజిస్టరు అయినాక పాన్ కార్డు, ఆడిట్, ఆదాయపు పన్ను రిటర్ను వచ్చి చేరినాయి. మన తరఫున ఆడిటరు ఆన్‌లైన్‌లో వేస్తాడులే అని ఊరుకుంటా వచ్చినాము.

2018లో చట్టం మారింది. గడువులోగా రిటర్ను వెయ్యకుంటే సహకార సంఘాలకు ఉండే 80పీ మినహాయింపు దక్కదు. పన్ను పడనక్కర్లేని మిగులు మీద కూడా పన్ను పడుతుంది. ఆ మిగులు మనం రూపాయి రూపాయి కూడబెట్టిందే కదా!

వేసేది ఎవరైనా బాధ్యత మనదే. అందుకే లెక్కలు ఏప్రిల్‌లోనే ముగించాల. ఓటీపీ వచ్చే ఫోను సమాఖ్య దగ్గరే ఉండాల. రిటర్ను రసీదు మీటింగులో చదివి ఫైల్లో పెట్టాల.