పేరు కూడా ఒక వాదాయే

మన ఇళ్లలో ఇప్పుడు కోడ్ రాసి రోజీ సంపాదించే పిల్లలు చాలామందే ఉన్నారు. నాదీ అదే పని. మేం రోజూ వాడే ఫంక్షన్ల పేర్లకూ ఒక తవారీఖ్ ఉంది.

1960 ప్రాంతంలో టోనీ హోర్ అనే ఇంగ్లిష్ నౌజవాన్ మాస్కో యూనివర్సిటీలో ఉంటూ, రష్యన్ నుంచి ఇంగ్లిష్‌కు మెషీన్ చేత తర్జుమా చేయించే పని మీద ఆలోచిస్తున్నాడు. వాక్యంలోని లఫ్జులను డిక్షనరీలో వెతకాలంటే ముందు వాటిని అక్షరాల తర్తీబ్‌లో పెట్టాలి. దానికి ఆయన కనిపెట్టిన తరీకాయే క్విక్‌సార్ట్. సీ భాషలోని 'క్యూసార్ట్' ఆ పేరు పెట్టుకున్నదే.

అయితే 1989 నాటి సీ ప్రమాణం, లోపల క్విక్‌సార్టే ఉండాలని షర్తు పెట్టలేదు. లినక్స్‌లో నడిచే గ్నూ లైబ్రరీ ఏళ్ల తరబడి, మెమరీ సరిపోతే, ఆ పేరు కింద మెర్జ్‌సార్ట్ నడిపింది. బోర్డు మీద బిర్యానీ, దేగ్‌లో పులావ్!

దీనివల్ల ఫర్క్ ఏమిటంటారా? ఇద్దరు పిల్లలకు సమాన మార్కులొస్తే ఎవరి పేరు ముందుండాలి? మెర్జ్‌సార్ట్ పాత వరసను కాపాడుతుంది. క్విక్‌సార్ట్ ఆ హామీ ఇవ్వదు. 'క్యూసార్ట్' అనే పేరు చూస్తే ఈ సంగతి తెలియదు. 1998 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో 'సార్ట్' పక్కన 'స్టేబుల్ సార్ట్' అని వేరే పేరే ఉంది. వరస చెదరదన్న వాదా ఆ పేరులోనే వినిపిస్తుంది.

ఇంకో సవాల్ అమానత్‌ది. నా జాబితా నీ చేతికిస్తే, దాన్నే మార్చేస్తావా, నకలు తీసి ఇస్తావా? పైథాన్‌లో 'సార్ట్' అసలు జాబితానే మార్చేస్తుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. 2004లో 'సార్టెడ్' వచ్చింది. అది అసలును ముట్టుకోకుండా కొత్త జాబితా ఇస్తుంది. ఒకటి 'సర్దు' అనే హుకుం, మరొకటి 'సర్దినది' అనే వస్తువు.

జావాస్క్రిప్ట్ 'సార్ట్' అసలును మార్చి, దాన్నే మళ్లీ చేతిలో పెడుతుంది. చూసేవాళ్లు కొత్త జాబితా వచ్చిందనుకుంటారు, పాత తర్తీబ్ పోయిన సంగతి తర్వాతెప్పుడో బయటపడుతుంది. నకలు ఇచ్చే 'టు సార్టెడ్' ప్రమాణంలోకి 2023లో గానీ రాలేదు. పాతదాన్ని తీసేయలేరు, లెక్కలేనన్ని వెబ్‌సైట్లు దాని మీదే నిలబడ్డాయి.

అందుకే పేరు పెట్టే పిల్లలకు నేను చెప్పేదొకటే. లోపల మీ హునర్ ఏదైనా కానివ్వండి. ఎదుటివాడి సామాను ఏమవుతుందో మాత్రం పేరే చెప్పాలి.